పెద్దబడిని చిన్నబడి చేస్తే

మొన్నామధ్య ఆఫీసులో ఒక కుర్రాడి కోడ్ రివ్యూ చేస్తున్నాను. కస్టమర్ల పేర్లున్న టేబుల్‌ని “శుభ్రం” చెయ్యడం అతని పని. కొంతమంది తమ పేరంతా కాపిటల్ లెటర్స్‌లో కొట్టారు, కొంతమంది అన్నీ స్మాల్ లెటర్స్‌లో కొట్టారు. తెర మీద చూడ్డానికి బాగాలేదని పైనుంచి మాట వచ్చింది. అతను రాసిందల్లా ఒకే ఒక్క లైను: ప్రతి మాటలోనూ మొదటి అక్షరాన్ని పెద్దది చెయ్యి, మిగతావన్నీ చిన్నవి చెయ్యి, వచ్చినదాన్ని పాతదాని మీదే రాసెయ్యి.

నేను ఒప్పుకోలేదు. “ఒక్క లైనేగా అన్నా, ఇందులో తప్పేముంది?” అన్నాడు. కాసేపాగి, “అయినా మన తెలుగులో ఈ పెద్దా చిన్నా గొడవే లేదు కదా, మనకెందుకు?” అని కూడా అన్నాడు.

మీటింగుకి టైమైపోతోందని ఆరోజు ఏదో చెప్పి దాటేశాను. కానీ ఆ రెండు ప్రశ్నలకీ నా దగ్గర జవాబుంది, అది కొంచెం పెద్దది. అందులో నా తప్పు కూడా ఒకటుంది. నా వాదన ముందే చెప్పేస్తాను. రెండు మాటలు ఒకటేనా కాదా అని చూసుకోడానికి యంత్రం తన సొంత కాపీలో అక్షరాల్ని ఎలాగైనా మార్చుకోవచ్చు. మనిషి రాసినదాని మీద మాత్రం చెయ్యి వెయ్యకూడదు. పెద్దక్షరాన్ని చిన్నక్షరంగా మార్చడం దుమ్ము దులపడం కాదు. అది దిద్దుబాటు. రాసినవాళ్ళని అడగకుండా చేసే దిద్దుబాటుకి మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం పెట్టుకున్న ముద్దుపేరే “క్లీనింగ్”.

*

మా తాతగారు కాపిటల్ లెటర్స్‌ని పెద్దబడి అనీ, స్మాల్ లెటర్స్‌ని చిన్నబడి అనీ అనేవారు. ఇంగ్లీషులో వీటికున్న అప్పర్ కేస్, లోయర్ కేస్ అన్న పేర్లు అచ్చాఫీసులో పుట్టినవి. కేస్ అంటే సీసపు అక్షరాలు పేర్చుకునే అరల పెట్టె. పై పెట్టెలో పెద్దవి, కింది పెట్టెలో చిన్నవి. ఏ పెట్టెలోకి చెయ్యి పెట్టాలో కంపోజిటర్‌కి చెప్పేది ఎదురుగా ఉన్న రాతప్రతి. అంటే అది రచయిత నిర్ణయం, ప్రెస్సుకి ఒక పద్ధతంటూ ఉంటే ప్రెస్సు నిర్ణయం. పెట్టెకి సొంత అభిప్రాయం లేదు.

కంప్యూటర్ వచ్చాక పెట్టెకి అభిప్రాయం వచ్చింది. 1963లో వచ్చిన మొదటి ఆస్కీలో చిన్నక్షరాలు లేనే లేవు. 1967 సవరణలో చేరాయి. చేర్చిన పద్ధతి చాలా తెలివైనది: పెద్ద ‘ఏ’ 65 అయితే చిన్న ‘ఏ’ 97. పెద్ద ‘బి’ 66, చిన్న ‘బి’ 98. వరస చివరిదాకా తేడా 32. అంటే ఒక్క బిట్. ఆ బిట్టు వేస్తే చిన్నది, తీస్తే పెద్దది. మా ఇంజినీర్ల బుర్రల్లో “పెద్దదీ చిన్నదీ నిజానికి ఒకటే అక్షరం, మధ్యలో ఒక స్విచ్చి ఉందంతే” అన్న నమ్మకం పాతుకుపోవడంలో ఈ తెలివికి పెద్ద వాటా ఉందని నా అనుమానం. స్విచ్చి వేసి తీస్తే దీపానికి వచ్చే నష్టం ఏమీ ఉండదు కదా.

కానీ భాషలు ఆ స్విచ్చికి లొంగవు. జర్మన్‌లో ఎస్‌ట్సెట్ అనే అక్షరం ఉంది. వీధి అనే అర్థమున్న ‘ష్ట్రాస’ అన్న మాటలో వస్తుంది. దాన్ని మామూలు నియమం ప్రకారం పెద్దబడిలోకి మారిస్తే రెండు ‘ఎస్’లు అవుతుంది. ఆరు అక్షరాల మాట ఏడక్షరాలవుతుంది. తిరిగి చిన్నబడిలోకి తెస్తే ఆ రెండు ‘ఎస్’లు అలాగే ఉండిపోతాయి, అసలు అక్షరం వెనక్కి రాదు. ఆ అక్షరానికంటూ ఒక పెద్ద రూపాన్ని జర్మన్ వర్ణక్రమ మండలి 2017లో గానీ అధికారికంగా ఒప్పుకోలేదు. గ్రీకులో సిగ్మాకి చిన్న రూపాలు రెండు. మాట చివర ఒకటి, మిగతా చోట్ల ఇంకొకటి. పెద్ద సిగ్మాని చిన్నది చెయ్యాలంటే అక్షరాన్ని చూస్తే చాలదు, మాట ఎక్కడ ముగుస్తోందో చూడాలి.

టర్కిష్ కథ ఇంకా తమాషా. వాళ్ళకి ‘ఐ’లు రెండు, చుక్క ఉన్నదీ చుక్క లేనిదీ. దేని పెద్ద రూపం దానికే ఉంది. చుక్క ఉన్నదానికి పెద్ద రూపంలోనూ చుక్క ఉంటుంది. కాబట్టి మనకి తెలిసిన ఇంగ్లీషు పెద్ద ‘ఐ’ని టర్కిష్ పద్ధతిలో చిన్నది చేస్తే చుక్కలేని ‘ఐ’ వస్తుంది. జావా భాషలో చిన్నక్షరాలు చేసే ఫంక్షను, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, ఆ కంప్యూటర్ ఏ ప్రాంతానిదో చూసుకుని ఆ ప్రాంతపు నియమం వాడుతుంది. ఇక్కడ బాగా నడిచిన ప్రోగ్రామ్‌ని టర్కిష్ సెట్టింగులున్న కంప్యూటర్‌లో నడిపితే, ‘ఫైల్’ అన్న ఆజ్ఞలో పెద్ద ‘ఐ’ చుక్క పోగొట్టుకుని, పక్కనే ఉన్న మామూలు ‘ఫైల్’తో సరిపోలదు. ప్రోగ్రామ్ రాసినవాడికి టర్కీ ఎక్కడుందో కూడా గుర్తుండకపోవచ్చు. అయినా అతను రాసిన “ఒక్క లైను” టర్కిష్ వ్యాకరణం మీద ఒక అభిప్రాయం ప్రకటించేసింది.

పోనీ ఇంగ్లీషులోనైనా ఈ స్విచ్చి సరిగ్గా పనిచేస్తుందా? పైథాన్‌లో టైటిల్ అనే ఫంక్షనుంది. ప్రతి మాటకీ మొదటి అక్షరం పెద్దది చేస్తుంది. మాటంటే దాని దృష్టిలో వరసగా ఉన్న అక్షరాల గుంపు, మధ్యలో అపాస్ట్రఫీ వస్తే కొత్త మాట మొదలైనట్టే. అందుచేత ‘ఓబ్రయన్’ అనే ఐరిష్ ఇంటిపేరు చక్కగా వస్తుంది. ‘డోంట్’ అనే మామూలు మాట మాత్రం చివరి ‘టి’ కూడా పెద్దదై నవ్వులపాలవుతుంది. ఒకచోట ఒప్పైన నియమమే రెండోచోట తప్పు. ‘మెక్‌డొనాల్డ్’ మధ్యలో ఉండాల్సిన పెద్ద ‘డి’ చిన్నదైపోతుంది. కావాలనే తన పేరుని చిన్నక్షరాలతో రాసుకున్న బెల్ హుక్స్ లాంటి రచయిత్రి ఉండేవారు. ఆవిడ పేరుని ఈ ఫంక్షను ఒక్క క్షణంలో “సరిచేసి” పెడుతుంది. సరిచెయ్యమని ఎవరడిగారు?

మన పేర్ల సంగతి చెప్పక్కర్లేదు. మనకి ఇంటిపేరూ తాతపేరూ కలిపి పొడి అక్షరాలు ముందుంటాయి. నావి మూడు: కె, వి, ఎస్. చుక్కలు పెట్టడానికి వీల్లేదన్న ఒక ఫారంలో వాటిని కలిపి కొడితే, అది ‘కె’ని మాత్రం పెద్దదిగా ఉంచి మిగతా రెండూ చిన్నవి చేసింది. మూడు పొడి అక్షరాలు కలిసి ఒక పేరైపోయాయి. నెల తర్వాత ఫోన్ చేసినావిడ “మిస్టర్... క్వ్... క్వ్స్?” అని ఆగిపోయింది. మా ఇంటిపేరుని అంత కష్టపడి పలికినవాళ్ళు ఇంకెవరూ లేరు.

*

“తెలుగులో ఈ గొడవే లేదు కదా” అన్నదానికి వస్తాను.

నిజమే, తెలుగు లిపిలో పెద్దబడి లేదు. యూనికోడ్ మన అక్షరాలకి పెట్టిన వర్గం పేరు “ఇతర అక్షరం”. పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. తెలుగు వాక్యాన్ని పెద్దక్షరాల్లోకి మార్చమంటే ఉన్నదున్నట్టు తిరిగొస్తుంది. లిపికి పెద్దా చిన్నా ఉండడం గొప్పా కాదు, లోపమూ కాదు. అది ఐరోపా వాళ్ళ సొత్తు కూడా కాదు. మన దేశంలోనే హో భాషకి గత శతాబ్దంలో తయారైన వరంగ్ చితి లిపిలో రెండూ ఉన్నాయి. కాబట్టి నా తగువు పెద్దక్షరాలతో కాదు.

తెలుగు లిపికి ఏమీ కాదన్నది మాత్రం పూర్తి నిజం కాదు. ఆమధ్య ఒక పుస్తకాల సైటులో తెలుగులో సమీక్ష పెట్టబోతే, “అన్నీ కాపిటల్ లెటర్స్‌లో రాయకండి, అరిచినట్టుంటుంది” అని తిప్పికొట్టింది. గొంతు తగ్గించి మళ్ళీ పెట్టినా అదే మాట. కాసేపు నవ్వుకున్నాక లోపల ఏం జరుగుతోందో ఊహించాను. సమీక్షని పెద్దబడిలోకి మార్చి, దాన్ని అసలు సమీక్షతో పోల్చి, తేడా లేకపోతే “ఇతను అరుస్తున్నాడు” అని తేలుస్తున్నారు. తెలుగుకి ఆ తేడా ఎప్పటికీ ఉండదు. ఆ సైటు లెక్కన మన సాహిత్యమంతా వెయ్యేళ్ళుగా అరుస్తూనే ఉంది. చిన్నబడితో కూడా పోల్చి, రెండిట్లోనూ మారకపోతే వదిలెయ్యాలని ఎవరికీ తట్టలేదు. పాస్‌వర్డ్‌లో కనీసం ఒక పెద్దక్షరం ఉండాలనే నియమం కూడా ఇలాంటిదే. ఎంత పొడుగు తెలుగు వాక్యం పెట్టినా అది “బలహీనం”.

ఇవి నవ్వుకుని వదిలెయ్యగలిగినవి. అసలు నష్టం తెలుగు లిపిలో జరగలేదు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగుకి జరిగింది.

ఈ పత్రిక చదివేవాళ్ళలో కాస్త పెద్దవాళ్ళకి ఆర్.టి.ఎస్. గురించి చెప్పక్కర్లేదు. 1990లలో, కంప్యూటర్లలో తెలుగు కనపడని రోజుల్లో, అమెరికాలోని తెలుగువాళ్ళు అప్పట్లో ఉన్న న్యూస్‌గ్రూపుల్లో తెలుగు రాసుకోడానికి వాడిన పద్ధతి. రైస్ విశ్వవిద్యాలయం పేరు దాని పేరులో ఉంది. తర్వాత వచ్చిన లేఖిని లాంటి పరికరాల్లో మనలో చాలామంది వేళ్ళకి అలవాటైంది కూడా ఆ పద్ధతే. యాభై పైచిలుకు అక్షరాల తెలుగుని ఇరవయ్యారు అక్షరాల్లో ఇరికించాలి, ఏ గుర్తులూ అడక్కుండా. వాళ్ళు చేసిన పని పెద్దబడినీ చిన్నబడినీ వేరువేరు అక్షరాలుగా వాడుకోవడం. చిన్న ‘టి’ త, పెద్ద ‘టి’ ట. చిన్న ‘డి’ ద, పెద్ద ‘డి’ డ. చిన్న ‘ఎన్’ న, పెద్దది ణ. చిన్న ‘ఎల్’ ల, పెద్దది ళ. చిన్న ‘ఇ’ ఎ, పెద్దది ఏ. ఇంగ్లీషు వాడికి అలంకారమైన తేడాని మనవాళ్ళు అర్థానికి వాడుకున్నారు.

ఇప్పుడా స్విచ్చి వేసి చూడండి. ‘మాట’ ‘మాత’ అవుతుంది. ‘పాట’ ‘పాత’ అవుతుంది. ‘వాడు’ ‘వాదు’ అవుతాడు. ‘కళ’ ‘కల’ అవుతుంది. ఎదురు దిక్కు దెబ్బలూ ఉన్నాయి. వాక్యం మొదటి అక్షరాన్ని దానంతటదే పెద్దది చేసే ఫోన్‌లో ఈ పద్ధతిలో ‘నాన్న’ అని మొదలుపెడితే ‘ణాన్న’ వస్తాడు. ‘తర్వాత’ ‘టర్వాత’ అవుతుంది. ఫోన్ దృష్టిలో అది మర్యాద నేర్పడం.

“వాట్సాప్‌లో అందరూ అన్నీ చిన్నక్షరాల్లోనే తెలుగు రాస్తున్నారుగా, అర్థం కావట్లేదా?” అని అడగొచ్చు. అవుతుంది. కానీ వాట్సాప్‌లో రాసేవాళ్ళు ఆ తేడా పెట్టలేదు. ఆర్.టి.ఎస్.లో రాసినవాళ్ళు ప్రతి అక్షరం దగ్గరా షిఫ్ట్ నొక్కి మరీ పెట్టారు. చెప్పకుండా వదిలెయ్యడం వేరు, చెప్పినదాన్ని చెరిపెయ్యడం వేరు.

*

చెరిపినవాణ్ణి నేనే కాబట్టి ఈ తేడా నాకు బాగా తెలుసు.

మా పెదనాన్న 1990ల చివర్నుంచీ పదేళ్ళపాటు, ఇండియా వచ్చినప్పుడల్లా మా నాన్నమ్మ దగ్గర కూర్చుని ఆవిడ చెప్పినవన్నీ నోట్సు రాసుకునేవాడు. సామెతలు, వంటలు, చుట్టాల కథలు, ఏ ఏడు ఏం జరిగిందన్న లెక్కలు. అమెరికా వెళ్ళాక వాటిని ఆర్.టి.ఎస్.లో టైపు చేసేవాడు. ఆయన పోయాక పెద్దమ్మ పాత కంప్యూటర్ నాకిచ్చింది. నోటుపుస్తకాలు ఇళ్ళు మారడంలో ఎప్పుడో పోయాయి. మూడు వందల పైచిలుకు ఫైళ్ళు, ఒకే ఫైలు నాలుగైదు పేర్లతో. ఏవి ఒకటో ఏవి వేరో తేల్చి, ఒక్కో కాపీ మిగల్చడానికి చిన్న స్క్రిప్టు రాశాను. అక్కడక్కడా అక్షరం పెద్దదీ చిన్నదీ తేడా ఉంటే అడ్డురాకూడదని, పోల్చేముందు అన్నిటినీ చిన్నబడిలోకి మార్చాను. పోల్చడం వరకూ అది సరైన పనే. కానీ చివర్లో దాచినప్పుడు అసలు పాఠాన్ని కాకుండా, చిన్నబడి చేసిన పాఠాన్ని దాచాను. ఒక వేరియబుల్ పేరు బదులు ఇంకొకటి. ఫైళ్ళు తెరిచి రెండు మూడు వాక్యాలు చూశాను, బాగానే ఉన్నట్టనిపించాయి. పాత కంప్యూటర్‌ని చెత్తకిచ్చేశాను.

రెండేళ్ళకి, నాన్నమ్మ పుట్టి వందేళ్ళవుతోందని, అవన్నీ తెలుగు లిపిలోకి మార్చి చిన్న పుస్తకం వేద్దామనుకున్నాం. మార్చి చూస్తే ‘చేట’ ‘చెత’ అయింది. ‘వేడి’ ‘వెది’ అయింది. ‘కుండ’ ‘కుంద’, ‘పండు’ ‘పందు’, ‘నీళ్ళు’ ‘నీల్లు’. నాన్నమ్మ నత్తిగా మాట్లాడుతున్నట్టుంది. అప్పుడర్థమైంది నేనేం చేశానో.

మా అత్తయ్య పక్కన కూర్చుని దిద్దింది. నేను చదువుతుంటే “చెత కాదురా, చేట” అంటూ. పదింట తొమ్మిది ఆవిడ చెవికి అందాయి. ఊళ్ళ పేర్లలో, మనుషుల ముద్దుపేర్లలో కొన్ని అందలేదు. ఒక వాక్యం దగ్గర మాత్రం రెండు రోజులు ఆగిపోయాం. చిన్నప్పుడే పోయిన తమ్ముడి గురించి పెదనాన్న రాసిన పేరా అది. చివరి వాక్యం: “ఆ తర్వాత అమ్మకి ఆ కల మళ్ళీ రాలేదు.” కళా, కలా? మొదటిరోజు అత్తయ్య “కళే. అమ్మ మొహం మళ్ళీ అలా లేదు” అంది. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, “కాదురా, వాడు కల్లోకి వచ్చేవాడని అమ్మ చెప్పేది, కలేనేమో” అంది. రెండూ నిజమే కావచ్చు. రాసినాయన లేడు. ఆయనకి చెప్పినావిడా లేదు. పెదనాన్న వేలు ఆరోజు షిఫ్ట్ మీద ఉందా లేదా అన్నదొక్కటే సాక్ష్యం. ఆ ఒక్క బిట్టూ నేను చెరిపాను.

*

ఇంతకంటే పెద్ద ఉదాహరణ సాహిత్య చరిత్రలో ఉంది. ఎమిలీ డికిన్‌సన్ కవితల్లో వాక్యం మధ్యలో మామూలు నామవాచకాలకి కూడా పెద్దక్షరాలుంటాయి. ఆవిడ పోయాక 1890లో మొదటిసారి పుస్తకం వేసిన సంపాదకులు ఆ పెద్దక్షరాల్నీ ఆవిడ గీతల్నీ అప్పటి మర్యాదకి తగ్గట్టు సర్దేశారు. 1955లో థామస్ జాన్సన్ సంపుటాలు వచ్చేదాకా పాఠకులు సర్దిన డికిన్‌సన్‌నే ఎక్కువగా చదివారు. అయితే ఆ సంపాదకులు దిద్దింది అచ్చుప్రతిని. రాతప్రతులు మిగిలాయి కాబట్టి జాన్సన్ వెనక్కి వెళ్ళగలిగాడు. పాతదాని మీదే కొత్తది రాసేసే మా “క్లీనింగ్” రాతప్రతినే తగలబెడుతుంది. ఆ సంపాదకులు కనీసం ప్రతి కవితా చదివి దిద్దారు. మేం చదవం కూడా.

అవతలి వాదనలో న్యాయం లేదనను. వెతికేవాళ్ళు పెద్దబడిలో కొట్టినా చిన్నబడిలో కొట్టినా ఫలితం దొరకాలి. ఒకే మనిషి రెండు ఖాతాలుగా కనపడకూడదు. నిజమే. వాటికి కావలసింది పోలిక, మార్పు కాదు. ఈ తేడా తెలిసిన సాఫ్ట్‌వేర్ మన చేతుల్లోనే ఉంది. విండోస్ కంప్యూటర్‌లో ఫైలుకి మీరు పేరెలా పెడితే అలాగే దాస్తుంది. వెతికేటప్పుడు మాత్రం మామూలుగా పెద్దా చిన్నా పట్టించుకోదు. దాచడంలో నిక్కచ్చి, వెతకడంలో ఉదారం. యూనికోడ్ కూడా పోల్చడానికి కేస్ ఫోల్డింగ్ అని వేరే పద్ధతి పెట్టింది. అది చిన్నబడి చెయ్యడానికి మారుపేరు కాదు. చెరోకీ అక్షరాల విషయంలో అది పెద్దబడి వైపే మడుస్తుంది. మడిచి చూసుకోడానికే తప్ప, మడిచినదాన్ని మనిషికి చూపించడానికి కాదు.

తెర మీద అన్నీ ఒకేలా కనిపించాలంటారా? అలంకారాన్ని తెర దగ్గరే చెయ్యండి. వెబ్ పేజీల్లో అక్షరాల్ని పెద్దవిగా చూపించే సదుపాయం అడుగునున్న పాఠాన్ని ముట్టుకోదు. రేపు వద్దనుకుంటే తీసెయ్యొచ్చు. పాన్ కార్డు మీదా, పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరసల్లోనూ పేరు పెద్దబడిలోనే ఉంటుంది కదా అంటే, ఉండనివ్వండి. అవి యంత్రానికో దఫ్తరానికో చూపించే నకళ్ళు. అసలు పేరు మనిషి రాసుకున్నదే.

ఈ మాట ముఖ్యంగా తెలుగువాళ్ళైన ఇంజినీర్లకి చెప్తున్నాను. ప్రపంచంలో ఇలాంటి ఒక్క లైన్లు రాసేవాళ్ళలో మనం తక్కువమందిమి కాదు. పెద్దబడి లేని లిపిలో పుట్టినవాళ్ళం కాబట్టి ఈ తేడా మనకి పరాయిది, పట్టించుకోనక్కర్లేదు అనుకుంటాం. నిజానికి ఒక తరంపాటు దాని మీద ట-తల బరువూ, ల-ళల బరువూ మోయించినవాళ్ళం మనమే. ఆ తరం రాతలు ఇంకా పాత డిస్కుల్లో, పాత మెయిళ్ళలో ఉన్నాయి. వాటిని ముట్టుకునేముందు అసలు కాపీ పక్కన పెట్టుకోండి. వీలైతే తిరిగి మార్చి, మొదటిదానితో సరిపోయిందో లేదో చూసుకోండి. నేనది చూసుంటే అయిదు నిమిషాలు పట్టేది.

ఆ కుర్రాడితో మళ్ళీ మాట్లాడాను. ఇప్పుడతని కోడ్‌లో పేర్ల వరస అలాగే ఉంది, పోల్చుకోడానికి పక్కన వేరే వరస పెట్టాడు. “మరి చూడ్డానికి బాగాలేదంటున్నారు కదా అన్నా?” అన్నాడు. “ఎవరి పేరు వాళ్ళకి చూపించి, ఇలాగే ఉంచమంటారా అని అడుగుదాం” అన్నాను. మూడు రోజుల పని. చేస్తున్నాడు.

మా పుస్తకం కూడా పోయిన నెల వచ్చింది. ఆ వాక్యం దగ్గర కల, కళ రెండూ వేశాం, మధ్యలో అడ్డగీత పెట్టి. అచ్చుతప్పేమోనని ఇద్దరు చుట్టాలు ఫోన్ చేశారు.